చాచా ఊపిన నల్లగుడ్డ

మనవరాలు బేగంపేటలోని ఆఫీసుకు మెట్రోలో పోతూ వస్తూ ఫోనులో గూఢచారి కథలు వింటుంది. మొన్న ఆదివారం "జెర విను అమ్మమ్మా, మస్తుంటది" అంటూ ఒకటి నాకూ వినిపించింది. మారువేషాలు, సైగలు, పక్కింట్లోనే దాగిన శత్రువు. వింటున్నంతసేపూ సీతాఫల్‌మండిలోని మా పాత గల్లీ, మా చిన్నమామయ్య కళ్లముందు మెదిలారు.

అరువు తెచ్చుకున్న అలాంటి నవలల కోసం ఇళ్లలో ఎంత కొట్లాట జరిగేదో మన ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది. మధ్యాహ్నం మామయ్య పైకి చదువుతుంటే అమ్మ బియ్యం ఏరడం మరిచిపోయేది. ఆ నవలల్లో ఒకడు దగ్గినా దానికో రహస్యం ఉండేది, అది పసిగట్టినవాడే మొనగాడు. రజాకార్ల భయంతో బిక్కుబిక్కుమంటున్న ఆ రోజుల్లో, అన్నీ తెలిసినవాడొకడు ఉంటాడనుకోవడమే మాకు పెద్ద ధైర్యం. ఆ పుస్తకాలు చిరిగితే కుట్టి అట్టలు వేసిచ్చేది ఎదురింటి చాచా. ఆయన పని బైండింగు, ప్రాణం పావురాలు. రోజూ సాయంత్రం డాబా మీద నిలబడి, పొడుగాటి వెదురుకర్రకు కట్టిన నల్లగుడ్డ ఊపుతూ వాటిని ఆకాశంలో తిప్పి, ఈలవేసి దించుకునేవాడు.

పోలీసు చర్య వచ్చింది, తిరుమలగిరిలో సైన్యం దిగింది. చాచా మాత్రం ఎప్పటిలాగే డాబా ఎక్కాడు. చిన్నప్పటి నుంచి చూస్తున్న ఆ గుడ్డ మామయ్యకు ఆ వారం కొత్తగా కనిపించింది. నవలల్లో చేసేది ఇలాగేనని, దాక్కున్న రజాకార్లకు అది సైగేనని గల్లీలో చెప్పాడు. ద్వేషంతో కాదు, కనిపెట్టానన్న సంబరంతో చెప్పాడు. ఆ మాట ఎవరో జవాన్ల దాకా చేరవేశారు. చాచాను జీపు ఎక్కిస్తుంటే ఆయన మా వైపు తిరిగి, "పావురాలకు దాణా వెయ్యలే, జెర ఎవరన్న సూడుండ్రి" అన్నాడు. అందులోనూ ఏదో గూఢార్థం ఉందనుకుని ఒక్కరూ కదలలేదు.

ఆయన భార్య చాచీ ఎక్కని గడప లేదు. మామయ్య కూడా తిరుమలగిరికి నడిచి వెళ్లి, తనదే పొరపాటని, ఆయన ఉత్త పావురాల మనిషని మొత్తుకున్నాడు, ఎవరూ వినలేదు. చాచా తిరిగి రాలేదు. పావురాలు మాత్రం చాలాకాలం సాయంత్రమయ్యేసరికి ఆ డాబా చుట్టూ తిరిగేవి, మామయ్య కిటికీ మూసుకునేవాడు.

ఇప్పుడు అక్కడా, మేముండే చోటా అంతా అపార్ట్‌మెంట్లే. పావురాలు రాకుండా బాల్కనీలకు వలలు కట్టుకున్నాం, ఎదురింటివాళ్లు సాయంత్రాలు ఏం చేస్తారో మాకు తెలియనే తెలియదు. నవలల్లోనైతే ఆఖరికి ఏ పాపం తెలియనివాడు ఇల్లు చేరతాడు.

కథ ఎట్లుందని మనవరాలు అడిగింది. మధ్యలో ఆపలేనంత బాగుందని చెప్పాను. మామయ్యకూ అంత బాగానే ఉండేవి, నా భయమంతా అందుకే.