సీట్ల బాబాయి విన్న మాట

సీట్ల బాబాయి. వీధి పెట్టిన పేరూ అదే, షెడ్డు తలుపు మీద సుద్దతో రాసిన పేరూ అదే. అంతకు మించిన పూర్తి పేరు ఆయనకు ఒకటి ఉండేదేమో గాని, నాకు పరిచయమయ్యే నాటికి దానితో పిలిచేవారెవరూ మిగలలేదు. ఉద్యోగ విరమణ తరవాత ఎదురింటి మేడ మీదికి అద్దెకు వచ్చిన కొత్తలోనే, ఆయనతో తగవు పెట్టుకోవడానికి నేను వీధి దాటాను. ఆ షెడ్డులోంచి వచ్చే జిగురు వాసనకు నా తల పగిలిపోతున్నది.

"ఏమండీ! ఈ వాసనలో మనుషులు బతికేదెలా?"

ఆయన కత్తెర కింద పెట్టి, ఒక స్టూలును తుడిచి, నా ముందుకు జరిపాడు.

"కూర్చోండి టీచరుగారూ. కూర్చుని తిట్టండి. నిలబడి తిడితే మోకాళ్లు పట్టేస్తాయి."

"నేను టీచరునని మీకెవరు చెప్పారు?"

"చెప్పాలా? 'ఏమండీ' అని పిలిచి ఆగారు చూడండి, నాకు తెలియకుండానే చేతులు కట్టుకోబోయాను."

లోపలినుంచి ఆయన భార్య నవ్వింది. ఆమె వీధిలో అందరికీ పిన్ని. "నేను రోజూ పిలుస్తాను 'ఏమండీ' అని. ఒక్కనాడూ చేతులు కట్టుకోలేదు మహానుభావుడు!"

మర్నాటినుంచి జిగురు పనంతా వెనక గోడవైపుకు మారింది. నేను తగవు మరిచి, సాయంత్రాలు ఆ స్టూలు మీద కూర్చోవడం అలవాటు చేసుకున్నాను. తెలిసిన మనుషుల గురించి పత్రికకు రాసేవి అక్కడే ఆయనకు చదివి వినిపించేదాన్ని.

బస్సు సీట్లకు అతుకులు వేయడంతో మొదలైన జీవితం ఆయనది. తరవాత జీపుల పైకప్పులు, ఆ తరవాత కార్లు. కొలతల టేపు కన్నా పాత కవరునే ఎక్కువ నమ్మేవాడు. దాన్ని ఊడదీసి, కుట్లన్నీ విప్పి, ముక్కలను బల్ల మీద పరిచి, ఒక్కొక్క ముక్క అంచు వెంట కొత్త తోలు మీద సుద్దతో గీత గీసేవాడు. గీత పూర్తి కాగానే పాత ముక్కతో పని తీరిపోయేది. దాన్ని చూడకుండానే వెనకనున్న చెత్త గోనెలోకి విసిరేవాడు. ఈ పనికి వాళ్ల వాడుకలో పేరు 'తీసిపెట్టడం'. "వెనక సీటు తీసిపెట్టాను, ఇక కొత్తది కొయ్యడమే" అనేవాడు.

ఆయనకు రెండు పట్టింపులు ఉండేవి. కుట్టు పిసరంత వంకరపోయినా మొత్తం విప్పేసేవాడు. షెడ్డు గడప దాటి వీధిలో కాలు పెట్టాలంటే ఉతికిన చొక్కా తొడుక్కునేవాడు. ఎదురుగా ఉన్న టీ కొట్టుకు వెళ్లాలన్నా అంతే. "టీ తాగడానికా, సన్మానానికా?" అని పిన్ని వెక్కిరించేది.

ఒకనాటి ఉదయం ఆ జపాను కారు వచ్చింది. రెండే సీట్లు. నేలకు అంటుకున్నంత ఎత్తు. ఒకప్పటి ఎరుపు వెలిసి ఇటుక రంగుకు దిగింది. దీపాలు వేసినప్పుడు మాత్రం బానెట్టు మీద రెండు మూతలు కనురెప్పల్లా పైకి లేచేవి.

పిన్ని దాని చుట్టూ తిరిగి చూసింది. "ఇందులోకి ఎక్కాలా, దూరాలా?"

"దూరాలండీ. దిగేటప్పుడు మాత్రం బయటినుంచి ఎవరైనా లాగాలి" అన్నది డ్రైవరు సీటులోని యువతి. పక్క వీధిలో క్లినిక్కు నడిపే పళ్ల డాక్టరమ్మ ఆమె. పాతదైన ఆ కారును మోజుపడి కొని, కడదాకా నడిపినది ఆమె తల్లి. తల్లి పోయాక గుడ్డ కప్పుకొని మూలనున్న కారును ఇప్పుడు తన అభిరుచికి తగినట్లు మార్చుకోవాలని కూతురి కోరిక. సీట్లకు నల్ల తోలు, అంచుల కుట్టు వెంట ఎర్రని పైపింగు పట్టీ. ఎండకు నెరియలు విచ్చిన డాష్‌బోర్డుకు మెత్తని బొగ్గురంగు గుడ్డ. గేరు కర్రకు చెక్క పిడి. బయటివైపు కొత్త ఎరుపు, ముందు బంపరు కింద సన్నని పెదవిలాంటి పట్టీ, వెనక చిన్న రెక్క. అవన్నీ రంగుల మేస్త్రీ వంతు, లోపలిదంతా బాబాయి వంతు.

బాబాయీ డాక్టరమ్మా కారులోకి వంగి మాట్లాడుకుంటుండగా నేను మేడ మీదికి వచ్చేశాను. అప్పుడు వారి మధ్య జరిగిన మాటలు నాకు తరవాత బాబాయి నోటనే తెలిశాయి.

పని సాగింది. బాబాయి ఆ కారును మురిపెంగా చేశాడు. అటుగా వెళ్లేవారు ఆగి చూసేవారు. ఆ రోజుల్లోనే ఒక సాయంత్రం నేను స్టూలు మీద ఉండగా డాక్టరమ్మ వచ్చి, సగమైన పనిని చూసి మురిసిపోయి, వెళ్లబోతూ వెనక్కి తిరిగింది.

"అన్నట్టు బాబాయిగారూ, అమ్మ కుట్టిన ముక్క ఎక్కడ పెట్టారు? ఫ్రేము కట్టించి క్లినిక్కులో తగిలిద్దామని."

బాబాయి సూదిలో దారం ఎక్కిస్తున్నాడు. దారం బెజ్జం తప్పింది.

"లోపలుందమ్మా. భద్రంగా ఉంది."

లోపల గిన్నెలు కడుగుతున్న చప్పుడు ఆగిపోయింది.

చీకటి పడకముందే ఆయన మేడ మెట్లెక్కి వచ్చాడు. ఉతికిన చొక్కాలోనే ఉన్నాడు గాని గుండీలు ఒకటికొకటి తప్పాయి.

"టీచరుగారూ, ఒక మాటకు అర్థం చెప్పాలి. 'తీసిపెట్టండి' అంటే ఏమిటి?"

వ్యాకరణం అడిగేవారు దొరకడమే అరుదు. నేను కళ్లద్దాలు సవరించుకున్నాను. "కలిపి పలికితే ఒకటి, విడదీసి పలికితే మరొకటి. 'కాస్త ఆ తలుపు తీసిపెట్టండి' అంటే నా కోసం తీయమని. అక్కడ 'పెట్టు'కు సొంత అర్థం లేదు, సాయాన్ని మాత్రం సూచిస్తుంది. 'కళ్లద్దాలు తీసి పెట్టండి' అంటే తీయడం ఒక పని, ఉంచడం ఇంకొక పని."

"రెండూ సరైనవేనా?"

"రెండూ సరైనవే."

"అయితే విన్నవాడిది తప్పు కాదన్నమాట."

"అది పలికిన తీరును బట్టి ఉంటుంది. 'తీసి' తరవాత ఊపిరి ఆగిందా, లేదా?"

ఆయన తన చెప్పులవైపు చూసుకున్నాడు. "గుర్తులేదండీ."

అప్పుడు సంగతంతా చెప్పాడు. డ్రైవరు సీటు అంచున అరచెయ్యంత చిరుగు ఉండేదట. దాన్ని ఎవరో ఇంటి సూదితో, నీలం దారంతో, చేపముల్లులా అటొకటి ఇటొకటి వేసి కుట్టారట. "ఎవరమ్మా ఈ ఘనకార్యం చేసింది?" అని బాబాయి నవ్వాడట. "మా అమ్మ" అన్నదట ఆమె. ఆయన నాలుక కరుచుకున్నాడు. ఆపైన ఆమె అన్న మాట, "ఈ కవరు తీసిపెట్టండి బాబాయిగారూ." ఆయన తీశాడు. విప్పాడు. గీత గీశాడు. గోనెలోకి విసిరాడు. చెత్తబండి వచ్చి పట్టుకుపోయింది.

"రేపే వెళ్లి చెప్పండి" అన్నాను.

"చెప్తాను."

చెప్పలేదు. కొన్నాళ్లకు పిన్ని వీధిలోంచే కేకేసింది. "టీచరమ్మగారూ, మా ఆయనకు మతి పోయింది. వచ్చి చూద్దురుగాని!"

వెళ్లి చూస్తే, పాత సామాన్ల దుకాణంనుంచి తెచ్చిన వేరొక సీటు కవరు బల్ల మీద ఉంది. దాన్ని గరుకు కాగితంతో రుద్ది, ఎండబెట్టి, మళ్లీ రుద్ది వెలిసేటట్లు చేశాడు. అంచున కత్తితో చీల్చాడు. ఎడమచేత్తో సూది పట్టుకొని, నీలం దారంతో ఆ చీలికను కుడుతున్నాడు. కుడిచేత్తో కుడితే తిన్నగా వచ్చేస్తున్నదట.

"వంకర కుట్టినందుకు ఎంతమందిని పనిలోంచి తరిమారండీ మీరు?" అన్నది పిన్ని. "ఇప్పుడు కూర్చుని వంకర నేర్చుకుంటున్నారా?"

"నువ్వూరుకో."

"నేనూరుకుంటాను. ఆ పిల్ల ఊరుకుంటుందా?"

నేను అన్నాను: "ప్రోగ్రెసు కార్డు మీద నాన్న సంతకం తామే పెట్టుకొచ్చే పిల్లలను చాలామందిని చూశాను. సంతకం అచ్చంగా దింపేవారు. నా కళ్లలోకి మాత్రం చూడలేకపోయేవారు."

"నేనూ చూడటం లేదు కదండీ" అన్నాడాయన తల వంచుకొనే. అప్పుడే సూది వేలిలో దిగింది. ఆ కుదుపుకు కుట్టు అక్కడ మరీ వంకరపోయింది. ఆయన దాన్ని విప్పలేదు.

కారు తీసుకువెళ్లే రోజున డాక్టరమ్మ తలుపు తీసి, లోపల కూర్చొని, చుట్టూ చూసుకుంది. ఎర్రని అంచు డ్రైవరు సీటు చుట్టూ గీసినట్లు తిరిగి, తలుపు మీదికి సాగి, మళ్లీ గేరు దగ్గరికి వచ్చి ఆగింది. ఆమె స్టీరింగును నిమిరింది, డాష్‌బోర్డుకు చెంప ఆనించింది. అప్పుడు బాబాయి గుడ్డలో చుట్టిన కవరు ముక్కను తెచ్చి చేతికిచ్చాడు.

ఆమె వేలు కుట్టు వెంట నడిచి, ఒకచోట ఆగింది. "ఇదిగో, ఇక్కడ చూడండి. ఇక్కడ సూది గుచ్చుకొని ఉంటుంది అమ్మకు. 'అబ్బా' అని ఎవరినో ఒకరిని తిట్టే ఉంటుంది!" నవ్వుతూనే కళ్లు తుడుచుకొని, బాబాయి చేతిని రెండు చేతులతో పట్టుకున్నది.

అక్కడ సూది గుచ్చుకున్నది ఎవరికో ఆ షెడ్డులో మా ముగ్గురికీ తెలుసు. నేను గోడవైపు చూశాను. పిన్ని కొంగు నోటికి అడ్డం పెట్టుకొని లోపలికి వెళ్లిపోయింది.

ఆ కారు బాబాయికి తెచ్చినంత పేరు మరేదీ తేలేదు. ఎక్కడెక్కడివాళ్లో ఆ కారు చేసిన మనిషి కోసం వెతుక్కుంటూ వచ్చేవారు. ఆయన మొహం చాటేసేవాడు. డాక్టరమ్మ ఆ వీధిన వెళ్తూ పలకరింపుగా హారను మోగిస్తే, స్పాంజి కట్టల వెనక్కి తప్పుకునేవాడు.

"అప్పులవాడొస్తే దాక్కునేవాళ్లను చూశాను" అనేది పిన్ని. "మెచ్చుకునేవాళ్లొస్తే దాక్కునే మనిషిని మిమ్మల్నే చూస్తున్నాను."

అంతలో ఆయనకు పన్ను పోటు పట్టుకుంది. దవడ వాచింది. ఊరికి అవతల ఉన్న ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్తానని మొండికేశాడు. జ్వరం కూడా తగలడంతో, పిన్ని నన్ను తోడిచ్చి బలవంతాన పక్క వీధికే పంపింది.

రోగిని పడుకోబెట్టే కుర్చీకి సరిగ్గా ఎదురుగోడ మీద ఉంది ఆ ఫ్రేము. నోరు తెరిచి పడుకున్నవాడికి కళ్లు పెట్టడానికి మరో చోటు లేదు. డాక్టరమ్మ పన్ను తీస్తున్నంతసేపూ ఆయన తన ఎడమచేతి కుట్టునే చూస్తూ ఉండిపోయాడు. కళ్ల చివరలనుంచి నీరు చెవుల్లోకి కారింది.

"నొప్పిగా ఉందా బాబాయిగారూ? మందు పట్టలేదా?"

ఆయన లేచి కూర్చొని, మొద్దుబారిన నోటితో గోడవైపు చూపించాడు. "అది నాది."

"ఏది?"

"ఆ కుట్టు. అమ్మగారిది కాదు. అమ్మగారిది నేను పారేశాను. ఇది నేనే కుట్టాను తల్లీ."

ఆమె చేతిలోని పనిముట్టును పళ్లెంలో పెట్టింది. ఫ్రేము వైపు చూసింది, ఆయనవైపు చూసింది. అప్పుడు అన్నది: "తీసి పెట్టమన్నది మీకు తీసేయమన్నట్టు వినిపించిందా?"

బాబాయి నావైపు చూశాడు. నేను ఆయన జవాబు కోసమే ఎదురుచూస్తున్నాను. ఆయన తల ఊపాడు. అవునని.

"అయితే నాదే తప్పు" అన్నది ఆమె. "'దాచండి' అని ఇంకొక్క మాట అనాల్సింది. నేను సగం మాటలు మింగేస్తానని అమ్మ ఎప్పుడూ తిట్టేది. దాని మూలంగా చివరికి అమ్మ కుట్టే పోయింది." ముఖం గోడవైపు తిప్పుకొని, పక్కగదిలోని ఆయాతో, "తరవాతి వాళ్లను కాసేపు ఆగమను" అన్నది.

బయటికి వచ్చాం. వీధి మలుపు దగ్గర ఆయన ఆగిపోయాడు.

"ఊపిరి ఆగిందండీ" అన్నాడు.

నాకు వెంటనే అర్థం కాలేదు.

"'తీసి' అంది. ఆగింది. ఆ కుట్టు మీద చెయ్యి వేసి నిమిరి, అప్పుడు 'పెట్టండి' అంది. నాకు సరిగ్గానే వినబడింది. పనిలో పడి చెయ్యి అలవాటు కొద్దీ విసిరేసింది. చెత్తబండి కదిలాక గుర్తొచ్చింది. బండి ఇంకా వీధి చివరే ఉంది, టీచరుగారూ. అప్పుడు షెడ్డులో కొత్త బేరం వాళ్లున్నారు, నా పనిని ఆకాశానికెత్తుతున్నారు. నేనేమో జిగురు బనీనులో ఉన్నాను. ఆ అవతారంతో చెత్తబండి వెనక పరుగెత్తి, గోనెలో చెయ్యి పెట్టడం నామోషీ అనిపించింది. చొక్కా తొడుక్కుని వచ్చేసరికి బండి లేదు."

"వెనక్కి వెళ్లి ఇదే మాట ఆమెతో చెప్పండి."

ఆయన వెళ్లాడు. క్లినిక్కు గేటు గడియ మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. గేటు తెరవకుండానే తిరిగి వచ్చాడు. అప్పుడు నేను కోప్పడలేదు. ఇంటిదాకా పక్కన నడిచాను.

డాక్టరమ్మ తరవాత కూడా ఎదురుపడితే నవ్వేది. "నా మాట తీరు వల్ల మీకెంత బాధ" అని ఆయననే ఓదార్చేది. దానితో మనిషి మరింత కుంగిపోయాడు. చూపు ఆనడం లేదని చెప్పి కొత్త పనులు ఒప్పుకోవడం మానేశాడు. చివరికి షెడ్డు ఖాళీ చేసి, దంపతులిద్దరూ పిన్ని అక్కగారి ఊరికి వెళ్లిపోవడానికి నిశ్చయించుకున్నారు.

వెళ్లే రోజున, సామాను బండి కింద ఎదురుచూస్తుండగా, ఆయన మేడ మీదికి వచ్చాడు. జిగురు మరకల బనీనుతోనే వీధి దాటి వచ్చాడు.

"మీరు పత్రికకు మనుషుల గురించి రాస్తుంటారు కదండీ. నా గురించి కూడా రాయండి."

"ఏమని రాయమంటారు?"

"సీట్లు బాగా కుట్టేవాడని రాస్తే రాయండి, లేకపోతే లేదు. తప్పు విన్నాడని మాత్రం రాయకండి. సరిగ్గానే విన్నాడని రాయండి. ఎదురుగా నిలబడి చెప్పడానికి నాకు ముఖం చెల్లడం లేదు. ఆ పత్రిక డాక్టరమ్మ చదువుతుంది కదా. తను మాట మింగలేదని ఆ పిల్లకు తెలిసేటట్టు రాయండి, టీచరుగారూ."