ఆంటీ వాళ్ళ తాత పాట

రాష్ట్రం రెండైన ఏడాది, చలికాలం మొదట్లో, లండన్ శివారు ఇల్ఫర్డ్‌లో మా తెలుగు క్రైస్తవ సహవాసానికి వచ్చే ఒక ఆంటీకి గొంతు కేన్సర్ అని తేలింది. మంగళవారం ఆపరేషన్. స్వరపేటిక తీసేస్తారు. మాట్లాడడం ఏదో ఒక పద్ధతిలో మళ్ళీ నేర్పిస్తామన్నారు గాని, పాట మాత్రం ఇక రాదన్నారు. అంతకుముందు ఆదివారం ఆరాధన అయ్యాక మేం అద్దె హాల్లో కుర్చీలు సర్దుతుంటే, ఆంటీ నా చెయ్యి పట్టుకుని పక్కకు లాక్కెళ్ళింది.

"రేపొకసారి ఇంటికొస్తావా అమ్మాయ్? మా తాత పాట నీకిచ్చి పోవాల," అంది. అప్పటికే గొంతు గరగరలాడుతోంది.

ఇంకెవరికైనా ఆ మాటకు కన్నీళ్ళొచ్చేవి. నాకు, సిగ్గు విడిచి చెబుతున్నాను, గర్వం వచ్చింది. అంతమందిలో నన్నే పిలిచింది కదా అని.

మా పాత కీర్తనల పుస్తకం సంగతి తెలియనివాళ్ళకు ఒక ముక్క చెప్పాలి. అందులో పాటల మాటలే ఉంటాయి, స్వరాలుండవు. పైన రాగం, తాళం పేర్లు, కింద రాసినవారి పేరు. వరస మాత్రం నోటి నుంచి నోటికి రావలసిందే. రాసినవాళ్ళలో పంతుళ్ళున్నారు, పండితులున్నారు, హరికథలు చెప్పుకునే రోజుల్లో క్రీస్తును నమ్మి ఆ బాణీలోనే కొత్త కథ చెప్పినవాళ్ళున్నారు. కొన్ని పాటల కింద ఏ పేరూ ఉండదు. ఆంటీ వాళ్ళ తాత పాట అలాంటిది. ఆయన పల్నాడులో ఒక ఆసామి దగ్గర పాలేరు. అక్షరం ముక్క రాదు. ఆయన పాడుతుంటే మిషన్ బడి పంతులు మాటలు రాసుకుని పుస్తకం వేసేవాళ్ళకు పంపాడు. మాటలు అచ్చయ్యాయి, పేరు రాలేదు, వరస ఇంట్లోవాళ్ళ నోళ్ళలో మిగిలింది.

ఆంటీ అన్నదమ్ములు పోయారు. వాళ్ళ ఊరి చర్చిలో ఇప్పుడు డ్రమ్సూ, కొత్త పాటలూ. ఆ వారమంతా ఆవిడ ఇండియాకు ఫోన్లు చేసి ఎవరికైనా వరస గుర్తుందా అని అడిగిందట. యూట్యూబ్‌లో చూడు పిన్నీ అన్నాడట ఒకడు. అక్కడా లేదు. ఇక ఆ వరస ఆవిడ గొంతులోనే ఉంది, ఆ గొంతుకు మంగళవారం దాకానే గడువు.

నా సంగతీ చెప్పాలి. గుంటూరులో నాలుగేళ్ళు సంగీతం నేర్చుకున్నాను. ఆ వేలెడంత సంగీతంతో ఇల్ఫర్డ్‌లో పెత్తనం చేసేదాన్ని. తాళం తప్పితే పిల్లల్నే కాదు, పాస్టరుగారినీ వదిలేదాన్ని కాదు. నా ముందు పాడాలంటే జనం జంకేవాళ్ళు. అది నాకు గౌరవంలా కనిపించేది.

సోమవారం నేను పనిచేసే ఫార్మసీలో డ్యూటీ మార్పించుకుని, కీబోర్డు వీపున వేసుకుని బస్సెక్కాను. ఆంటీ మనవరాలు తలుపు తీసింది. యూనివర్సిటీలో చదువుతున్న పిల్ల. డాక్టర్లు గొంతుకు శ్రమ పెట్టొద్దన్నారనీ, మూడు నాలుగుసార్లకు మించి పాడించొద్దనీ ఇంగ్లీషులో గట్టిగానే చెప్పింది. నాకు తెలియదా అని లోపల విసుక్కున్నాను.

శ్రుతి చూసుకుంటాను, ఊరికే ఒకసారి పాడండి, ఆ తర్వాత రికార్డు చేద్దాం అన్నాను. ఆంటీ కళ్ళు మూసుకుని మొదలుపెట్టింది. దప్పికతో వచ్చినవాడికి నీళ్ళు తోడిపెట్టమని ప్రభువును అడిగే పాట. జీరగొంతే అయినా వరస తిన్నగా సాగింది. మూడో పాదం చివర మాత్రం ఒక్క అక్షరాన్ని పట్టుకుని సాగదీసింది. సాగదీస్తూనే ఉంది, అందులోనే ఏవో మలుపులు తిప్పుతూ. నేను తొడ మీద తాళం వేస్తున్నాను. తాళం ఒక ఆవర్తనం దాటిపోయింది, రెండోదీ దాటింది. చెయ్యి ఆపేశాను.

పుస్తకం తెరిచి చూపించాను. మోహన రాగం, ఆది తాళం అని ఉంది. ఆ సాగతీత తాళంలో ఇమడదన్నాను. ఆ మలుపుల్లో తగిలిన స్వరం ఒకటి మోహనలోనే లేదన్నాను.

"మా నాయన ఇట్టాగే పాడేవోడు అమ్మాయ్. తాత ఇట్టా పాడేవోడని చెప్పేవోడు," అంది.

"పెద్దలు చూసే కదా ఆంటీ పుస్తకంలో వేస్తారు?"

మా ఇళ్ళల్లో ఆ పుస్తకం బైబిలు పక్కనే ఉంటుంది. దాన్ని తప్పనేవాళ్ళుండరు. ఆంటీ చాలాసేపు ఆ పేజీ వంక చూసింది. సరే, నువ్వు నేర్చుకున్నదానివి, నాకేం తెలుసు అంది. నేను అడ్డు చెప్పలేదు. తా పట్టిన కుందేటికి మూడే కాళ్ళు.

కీబోర్డులో టిక్కుటిక్కుమని తాళం కొట్టే మెట్రనోమ్ పెట్టి ఆ పాదాన్ని కత్తిరించి నేర్పించాను. డెబ్బై ఏళ్ళ మనిషికి, వాళ్ళ తాత పాటను, నేను! రెండోసారి పాడితే అలవాటు కొద్దీ మళ్ళీ సాగదీసింది. ఆపించాను. మూడోసారి సగంలో దగ్గు వచ్చింది. మనవరాలు వచ్చి గుమ్మంలో నిలబడింది. ఇంకొక్కసారి, ఒకే ఒక్కసారి అన్నాను. నాలుగోసారి ఆంటీ కళ్ళు తెరిచే పాడింది, నా చేతి వంకే చూస్తూ, ఎక్కడా తాళం తప్పకుండా. ఆఖరి చరణంలో గొంతు గాలిగా మారింది. ఫోనులో అంతా పడింది. మొదటిసారిది మాత్రం లేదు. అది శ్రుతి కోసం కదా.

ఆ సాయంత్రమే సహవాసం వాట్సాప్ గ్రూపులో పెట్టాను. పొగడ్తలు వచ్చాయి. ఆపరేషన్ బాగా జరిగింది. మనవరాలు రోజూ వార్డుకెళ్ళి మంచం పక్కన ఆ రికార్డింగ్ వినిపించేదట, అమ్మమ్మకు ధైర్యంగా ఉంటుందని. పొద్దునొకసారి, సాయంత్రమొకసారి. అది విని నేను పొంగిపోయాను.

క్రిస్మస్‌కు అందరం ఆ పాట పాడాం. జనవరిలో ఆంటీ ఇంటికొచ్చిందని తెలిసి చూడబోయాను. మెడకు గుడ్డ, ఒళ్ళో రాసి తుడుచుకునే పలక. టీ తాగాక, మాట కోసం అడిగానో, మనసులో ఏదైనా మెదిలి అడిగానో ఇప్పటికీ తెలియదు. ఆ మూడో పాదం మీ నాన్నగారు ఎందుకలా సాగదీసేవారని అడిగాను.

ఆంటీ పలక మీద రాసింది: "తాత మోట తోలేవోడు. బావిలోంచి నీళ్ళు పైకొచ్చేదాకా రాగం ఆపకూడదు. ఆపితే ఎడ్లు ఆగుతాయి."

ఆ నాలుగు ముక్కలు రెండుమూడుసార్లు చదివాను. మోట తోలుతూ, పొద్దుటినుంచి దాహంతో, నీళ్ళ కోసం ప్రభువును అడిగిన మనిషి. ఆయనకు మోహన ఎక్కడ తెలుసు, ఆది తాళం ఎక్కడ తెలుసు? అచ్చు వేసినవాళ్ళకు పైన ఏదో ఒకటి రాయాలి, రాశారు. ఆ పాటకు తాళం ఎడ్ల నడక. నేను దాన్ని కత్తిరించి పారేశాను.

"ఆ రోజే ఎందుకు చెప్పలేదాంటీ?" అన్నాను. ఎంత తప్పు మాట!

తుడిచి రాసింది: "చెప్పా. నువ్వు పుస్తకం చూపించావు."

ఇప్పుడైనా దిద్దుకుందాం ఆంటీ, మీరు చెయ్యి ఎత్తి ఉంచండి, దించేదాకా నేను సాగదీస్తాను అన్నాను. మొదటి రెండు పాదాలు పాడి మూడో దానికొచ్చాను. ఆవిడ చెయ్యెత్తింది. ఒక్క స్వరాన్నే పట్టుకున్నాను, ఊపిరి అయిపోయేదాకా. చెయ్యి దిగలేదు. తల అడ్డంగా ఊపింది. ఇంకోలా తిప్పాను. కాదంది. మరోలా, ఇంకా పైకి. కాదు. ఐదారు రకాలుగా పాడాను. నేను విన్నది ఒకే ఒక్కసారి, అదీ తప్పులు లెక్కపెడుతూ విన్నాను. ఒక్క మలుపూ గుర్తు రాలేదు.

ఆంటీ చెయ్యి దించేసింది. కళ్ళు మూసుకుని, పెదాలు కదుపుతూ, లోపలే వెతుక్కుంది. వేళ్ళు ఒళ్ళో కదిలాయి. ఆ వేళ్ళు వేస్తున్నది నేను నేర్పిన ఆది తాళం. మధ్యలో ఆపి మళ్ళీ మొదలుపెట్టింది. మళ్ళీ అదే. అప్పుడు కళ్ళు తెరిచి, నా మీద ఏ కోపమూ లేకుండా పలక అందుకుంది.

"నాకూ రావట్లేదు అమ్మాయ్. ఇప్పుడు నువ్వు నేర్పిందే వినపడతంది."