నీడలమ్మకు తక్కువైన పదహారు కిలోమీటర్లు

నీడ ఎక్కడుందో కనిపెట్టే విద్య కుక్కలకూ పిల్లులకూ పుట్టుకతో వస్తుంది. మనుషుల్లో అది నీడలమ్మకే అబ్బింది. ఇరవై రెండేళ్ళుగా ఆమె పని నర్సరీలకు నారు చేరవేయడం. మిరప, టమాటా, క్యాబేజీ, ఏదైనా సరే, వేలెడంత మొలక ట్రేలో బండెక్కిందంటే దించేదాకా దానికి ఆమే తల్లి. ఎండలో పావుగంట బండి ఆపితే నారు తల వాల్చేస్తుంది, తల వాల్చిన నారును ఎవరూ ముట్టుకోరు. అందుకే ఏ వీధిలో ఏ గోడ నీడ ఎన్ని గంటలకు ఎటు జరుగుతుందో ఆమెకు కంఠతా వచ్చు. ముందు నీడ, తర్వాతే టీ. పెద్ద లారీలవాళ్ళు కూడా "అమ్మా, ఇవాళ నీడెక్కడ?" అని అడిగి, ఆమె వెనకే వచ్చి ఆపుకునేవాళ్ళు. ఆ పేరు అలా పడింది. అసలు పేరు పెట్టి పిలిస్తే ఆమే ఒక క్షణం ఆలోచించేది.

అలాంటి మనిషి సోలార్ ప్యానెళ్ళు కొంటానని పట్టుబట్టి కూర్చుంది!

కిందటేడు డీజిల్ బండి వదిలించుకుని కరెంటు ట్రక్కు కొంది. చిన్న బండి, చప్పుడు లేదు. మొదటిరోజు అది స్టార్టయిందో లేదో తెలియక రెండుసార్లు కిందికి దిగి చూసింది. రాత్రంతా ఛార్జి పెడితే మర్నాడు నూట ఇరవై కిలోమీటర్లు పోతుంది. నర్సరీలన్నీ తిరిగి ఇల్లు చేరడానికి ఆమెకు కావలసింది నూట నాలుగు. బండికి వచ్చిన లోటేమీ లేదు. మరి నెత్తిన ప్యానెళ్ళెందుకు? "కరెంటు బిల్లు తగ్గుతుందండీ" అని మొగుడితో చెప్పింది. పచ్చి అబద్ధం.

నిజమేమిటంటే, ఆఖరి నర్సరీ దాటి పది కిలోమీటర్లు కొండెక్కితే ఆమె అక్క ఇల్లు వస్తుంది. ముప్ఫై ఏళ్ళు అక్కాచెల్లెళ్ళ ఇళ్ళ మధ్య ఒకే ఒక్క గోడ ఉండేది. రెండేళ్ళ కిందట బావను కొండ మీది నీళ్ళ పంపుల దగ్గరికి బదిలీ చేశారు, అక్క సామాను సర్దుకుని వెళ్ళిపోయింది. వీళ్ళిద్దరికీ చిన్నప్పటినుంచీ ఒక జబ్బు. ఒకరు నవ్వు మొదలుపెడితే రెండోవాళ్ళు ఆపలేరు, కారణం కూడా అడగరు. కుటుంబ ఫొటోలన్నిటిలోనూ అందరి మొహాలూ స్పష్టంగా ఉంటాయి, ఈ ఇద్దరివే నవ్వి కదిలిపోయి మసకగా పడతాయి. ఇప్పుడు కలవాలంటే రెండు బస్సులు మారాలి, ఒక రోజు పని మానాలి. రెండేళ్ళలో మూడుసార్లే వెళ్ళగలిగింది, వెళ్ళినా అరగంటకే తిరుగు బస్సు. ఫోను చేస్తే సరిగ్గా నవ్వొచ్చే చోట కొండ మీద సిగ్నలు పోతుంది, ఈమె వీధిలో ఒంటరిగా పిచ్చిదానిలా నవ్వుతూ మిగిలిపోతుంది.

కొండెక్కుడుకు బండి అదనంగా తినేది కూడా కలుపుకుంటే అక్క ఇంటికి పదహారు కిలోమీటర్లు తక్కువ. అంతే సంగతి. కానీ యాభై దాటిన మనిషి "మా అక్కతో నవ్వుకోవడానికి ప్యానెళ్ళు కావాలి" అని ఎవరితో చెప్పుకుంటుంది?

మొగుడు గడియారాలు బాగుచేస్తాడు. ఆయన దగ్గర లెక్కంటే లెక్కే. పాత కాగితం వెనకాల అరగంట రాసి, కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"బిల్లులో మిగిలేదానితో ప్యానెళ్ళ ఖరీదు తిరిగి రావాలంటే తొమ్మిదేళ్ళు పడుతుంది. బండి ఎనిమిదేళ్ళకే ముసలిదవుతుంది. కొండను తవ్వి ఎలకను పట్టినట్టుంది నీ బేరం."

"ఎలకైనా మనదేగా!" అంది నీడలమ్మ.

ఆయన కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకుని లెక్క మొదటినుంచీ వేశాడు.

ప్యానెళ్ళ షాపాయన మంచివాడు. వారం రోజులు వాడి చూడమని ఒక ప్యానెల్ బండి కప్పుమీద బిగించి ఇచ్చాడు. నచ్చితే రెండోది కూడా బిగిస్తానన్నాడు. ప్యానెల్ ఏ రోజు ఎన్ని కిలోమీటర్లు సంపాదించిందో చూపించే చిన్న మీటరు స్టీరింగు పక్కన పెట్టాడు. నీడలమ్మ కాళ్ళు నేల మీద నిలవలేదు. తెల్లవారగానే తడిగుడ్డతో ప్యానెల్ తుడిచింది, నారు ఎక్కించింది, బయలుదేరింది. సాయంత్రం మీటరు చూస్తే సున్నా. మర్నాడూ సున్నా. మూడో రోజు ఇంకాస్త గట్టిగా తుడిచింది. సున్నా. నాలుగో రోజు సాయంత్రం బండిని నేరుగా షాపు ముందుకు తెచ్చి ఆపి, వీధి అదిరేలా షాపాయనను కడిగేసింది.

"ఇదేం ప్యానెలయ్యా? నాలుగు రోజుల్నుంచి మోస్తున్నాను. దీనికన్నా గాలిపటం నయం!"

షాపాయన నిచ్చెన వేసుకుని పైకెక్కాడు. కప్పుమీదికి వంగి చూశాడు.

"అమ్మా, దీనిమీద ఈ పచ్చ వలేమిటి?"

"నీడ వల. నారు మీద కప్పొద్దా?"

"నారు మీద కప్పండమ్మా, కాదనను. ప్యానెల్ని కూడా కలిపి ఎందుకు కప్పారు?"

"మరి ఎండకు మాడిపోదూ?"

షాపాయన నిచ్చెన మెట్టు మీదే కూలబడ్డాడు. అక్కడినుంచే చిన్న గొంతుతో అడిగాడు. "పగలు బండి ఎక్కడ ఆపుతున్నారు?"

"ఎక్కడేమిటి, నీడలోనే..." అంటూండగానే నీడలమ్మకు తాను ఏం చేసిందో అర్థమైంది.

ఇక చూడండి. షాపు మెట్ల మీద కూర్చుని, కడుపు పట్టుకుని, కళ్ళమ్మట నీళ్ళు కారేలా నవ్వింది. షాపాయనకూ నవ్వొచ్చింది కానీ మర్యాదకు సగంలో ఆపుకున్నాడు. అప్పుడే ఆమె అక్కకు ఫోను చేసింది. "అక్కా, ప్యానెల్ మీద వల..." అనేసరికి సిగ్నలు పోయింది. మళ్ళీ చేసింది, మళ్ళీ పోయింది. ఇంత మంచి నవ్వు వచ్చి, పంచుకోవడానికి అక్క లేకపోవడం ఆమెకు నిజంగా దుఃఖం కలిగించింది.

ఐదో రోజునుంచి వలను ప్యానెల్ కింద కట్టింది, బండిని నడి ఎండలో ఆపింది. చెప్పినంత సులువేం కాదు. గోడ కనిపిస్తే చాలు, చేతులు వాటంతటవే స్టీరింగును అటు తిప్పేస్తున్నాయి. లారీవాళ్ళు దిగొచ్చి "ఒంట్లో బాగాలేదా అమ్మా?" అని పరామర్శించారు. ఆమె గంటకోసారి నారుకు నీళ్ళు చిలకరిస్తూ, నారుకన్నా ముందు తానే వాడిపోయింది. అయితేనేం, సాయంత్రానికి మీటరులో ఎనిమిది. ఆరో రోజూ ఎనిమిదే! రెండు ప్యానెళ్ళయితే పదహారు! ఇల్లు చేరేదాకా ఉబ్బితబ్బిబ్బవుతూనే ఉంది. రాత్రి కంచంలో ఏం పెట్టారో, తానేం తిన్నదో ఆమెకు తెలియదు.

ఏడో రోజు ఆఖరి నర్సరీలో ట్రేలు దించేసరికి ఇంకా మధ్యాహ్నం కాలేదు. బండి ఖాళీ. ఎండ ఫెళ్ళున కాస్తోంది. ఒక్క ప్యానెల్‌తో కొండెక్కకూడదని తెలుసు, వెనక్కి తిప్పాలనీ తెలుసు. తెలిసిన పని చేసి ఉంటే ఆమె కథ మనకెందుకు? బండి కొండెక్కింది. ఎక్కుతున్నంతసేపూ బ్యాటరీ అంకెలు జారిపోతూనే ఉన్నాయి. అక్క వాకిట్లో ఆగేసరికి ఇల్లు చేరడానికి అరవై రెండు కావాలి, ఉన్నవి యాభై ఒకటి. తేలుకుట్టిన దొంగలా స్టీరింగు పట్టుకుని అలాగే కూర్చుంది.

అక్క తడి చేతులతో బయటికొచ్చింది. చెల్లెల్ని చూసింది, బండిని చూసింది, నెత్తిన ప్యానెల్ని చూసింది. ఒక్క మాటైనా అనుకోకముందే ఇద్దరికీ నవ్వు మొదలైంది.

"ఎంతసేపుంటావే?" అని అడిగింది అక్క, ఊపిరి పీల్చుకున్నాక.

"అరగంట. కాదక్కా... అసలు తిరిగి వెళ్ళడానికే ఛార్జి చాలదు."

"అయితే ఏడుపెందుకు? మా ఇంట్లో ప్లగ్గు లేదా?"

ప్లగ్గు సంగతి నీడలమ్మకు తెలియక కాదు. కానీ తన ఇంట్లోలా కాదు, వంటింటి చిన్న ప్లగ్గుకు తగిలిస్తే ఆ తక్కువైన పదకొండు కిలోమీటర్లు ఎక్కడానికే కనీసం మూడు గంటలు పడుతుంది. పట్టపగలు మూడు గంటలు ఒకచోట ఊరికే కూర్చోవడమన్నది ఆమె పుట్టి బుద్ధెరిగాక చేయలేదు, కాబట్టి లెక్కలోకి కూడా రాలేదు. అక్క మిక్సీ ప్లగ్గు పీకేసి వంటింటి కిటికీలోంచి తీగ అందుకుంది.

ఇద్దరూ గుమ్మం మీద కూర్చున్నారు. ముప్ఫై ఏళ్ళు గోడకు ఇటూ అటూ ఉన్నా, ఇలా ఎదురెదురుగా కూర్చున్నది లేదు. ఒకరి చేతిలో చీపురుంటే ఇంకొకరి చేతిలో గరిటె ఉండేది, మాట మధ్యలో ఎవరి పాలో పొంగేవి. ఇప్పుడు ఏ పాలూ పొంగలేదు. వల సంగతి మొదటినుంచీ చెబితే అక్క గడపమీద వాలిపోయి "ఎండకు మాడిపోదూ" అని పదిసార్లు అంది, అన్న ప్రతిసారీ ఇద్దరూ కొత్తగా నవ్వారు. బావ డ్యూటీ దిగి వచ్చి, ఈ ఇద్దరినీ చూసి, లోపలికి రాకుండానే పంపుల దగ్గరికి తిరిగి వెళ్ళిపోయాడు.

కాస్త అలిసిపోయాక అక్క కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "ఇక్కడ నాకు నవ్వడానికి ఎవరూ లేరే. మీ బావకి ఏదైనా చెబితే మొత్తం విని, 'తర్వాత?' అంటారు."

నీడలమ్మ అక్క చెయ్యి పట్టుకుంది. రెండేళ్ళుగా తనొక్కతే ఇలా ఉందనుకుంది. అక్కకూ ఇదే గతి పట్టిందన్న ఊహే ఆమెకు రాలేదు.

మూడు గంటలు అయిపోయాయి. అక్క బ్యాటరీ అంకెలు చూసి చిరాకుపడింది. "అప్పుడే చాలినంత ఎక్కిందా? ఈ పాడు బండికి అంత తొందరేమిటే?"

సాయంత్రం ఇంటికొచ్చాక మొగుడు మీటరు అంకెలు చూసి, గంభీరంగా తల ఊపాడు. "రోజుకి ఎనిమిది. రెండైతే పదహారు. పెట్టించుకో. మీ అక్క ఇంటికి సరిపోతుంది."

నీడలమ్మ నోరు తెరిచింది. "మీకెలా తెలుసండీ?"

"కరెంటు బిల్లు తగ్గుతుందని ఎవరైనా అంతలా మురిసిపోతారా?"

మర్నాడు ఆమె బండిని షాపు ముందు ఆపింది. షాపాయన రెండో ప్యానెల్ గుడ్డతో తుడిచి సిద్ధంగా పెట్టుకున్నాడు.

"అది వద్దయ్యా. పైనున్నది కూడా విప్పేయండి."

"పనిచేయలేదా అమ్మా?"

"ఎందుకు చేయదు? చెప్పినంతా చేసింది. అదే వచ్చిన చిక్కు. రెండూ ఉంటే నాకు మా అక్క ఇంట్లో ఆగే పనే ఉండదు. అరగంటకే లేచి వచ్చేస్తాను, నా సంగతి నాకు తెలుసు."

షాపాయనకు సగమే అర్థమైంది. అయినా నిచ్చెన తెచ్చి వేశాడు. ఆయన పైన మరలు విప్పుతుంటే కిందినుంచి నీడలమ్మ గొంతు తగ్గించి అడిగింది.

"ఇంతకన్నా నెమ్మదిగా ఎక్కించే ఛార్జరేదైనా ఉందా మీ దగ్గర?"