ప్యూర్టో రికోలో నా ఈత

అమెరికా కిందే ఉండి, వీసా స్టాంపింగ్ గొడవ లేకుండా వెళ్లగలిగే కరీబియన్ దీవి కాబట్టి, ఆ చలికాలం సెలవులకి మావారు ప్యూర్టో రికోలో పిల్లలకి అనువైన ఒక బీచ్ రిసార్ట్ బుక్ చేశారు. మిషిగన్ మంచులోంచి వెళ్లిన మాకు ఆ ఎండే పెద్ద పండగ. మావారికి ఈత రాదు. నాకూ రాదనే అనుకునేవారు. ఆరేళ్ల పాప ఒడ్డునే గాలి పడవతో ఆడుకునేది.

రెండో రోజు గాలికి పడవ పాప చేతిలోంచి జారి లోపలికి కొట్టుకుపోసాగింది. పాప ఏడుపు అందుకుంది.

"పోనీలే నాన్నా, ఇంకోటి కొందాం" అని మావారు అంటూండగానే నేను చున్నీ తీసి కుర్చీ మీద పడేసి నీళ్లలోకి దిగాను. చిన్నప్పుడు కోనసీమలో మా ఊరి కాలవలో అన్నయ్యలతో పోటీపడి ఈదినదాన్ని. పెద్దమనిషినయ్యాక ఇంట్లో మాన్పించారు. అన్నేళ్ల తర్వాత కూడా నా చేతులు ఈత మరిచిపోలేదు.

పడవ తాడు పట్టుకుని ఒడ్డుకి వచ్చేసరికి ఇద్దరూ నోళ్లు తెరిచి చూస్తున్నారు.

"అమ్మా, నువ్వు స్విమ్ చేస్తావా?" అంది పాప.

"పెళ్లై ఇన్నేళ్లయింది, ఎప్పుడూ చెప్పలేదేంటి?" అన్నారు మావారు.

"మీరు అడగలేదు కదండీ!" అన్నాను రొప్పుతూ.

సాయంత్రం రిసార్ట్ షాపులో స్విమ్‌సూట్ కొనుక్కుని, మర్నాడు ఇద్దరికీ పాఠాలు మొదలుపెట్టాను. పాప తొందరగానే తేలింది. మావారు మాత్రం నడుము లోతులో నా మెడ పట్టుకుని "వదలకు, వదలకు!" అని అరుస్తుంటే, చుట్టూ ఉన్న కుటుంబాలన్నీ చప్పట్లు కొట్టాయి.