అక్క ఇంటి మీద చెట్టు, నా చేతిలో పాత మిషన్

ఎండాకాలం చివర వచ్చిన గాలివానకు, పెన్‌పహాడ్ దగ్గర మా అక్క ఇంటి మీదికి వేపచెట్టు ఒరిగింది. పూర్తిగా పడలేదు. వేర్లు సగం పైకి లేచి, ఒక పెద్ద కొమ్మను రేకుల మీద ఆనించుకుని ఆగిపోయింది. అక్క ఊరి బడిలో పిల్లలకు మధ్యాహ్నం అన్నం వండుతుంది. బావ పోయాక ఆ రెండు గదుల్లో ఒక్కతే ఉంటోంది. చెట్లు కోయడమే నా పని కాబట్టి, పొద్దున ఫోన్ చేసి, తీరిక చూసుకుని వచ్చి కోసిపొమ్మంది.

వెళ్లి చూస్తే అది తీరికగా చేసే పని కాదని తెలిసింది. గొడ్డలి వేస్తే మాను అదురుతుంది, అదిరితే ఇంటి మీద కూలుతుంది. పై కొమ్మలను ఒక్కొక్కటే చైన్ రంపం మిషన్‌తో కోసి బరువు తగ్గించుకుంటూ రావాలి. మానుకు తాడు వేసి ఎదురుగా ఉన్న తుమ్మకు బిగించాను. నిచ్చెన ఎక్కి మొదటి కొమ్మ సగం కోశానో లేదో, మిషన్ గరగరమని ఆగిపోయింది.

కిందికి దిగి పక్క మూత విప్పాను. లోపలి చక్రాన్ని పట్టుకుని పైకీ కిందికీ ఊపితే ఊగింది. అది ఊగకూడదు. మెల్లగా తిప్పితే లోపల ఇసుక నలుగుతున్నట్టు చేతికి తెలిసింది. ఆ చక్రాన్ని మోసే ఇరుసుకు, అంటే క్రాంకుకు, అటూ ఇటూ ఉండే బేరింగులు పోయాయి.

తెలిసిన కోతవాళ్లకు ఫోన్ చేశాను. ఒకరు ఆత్మకూర్‌లో, ఇంకొకరు పాలకీడులో పడిన చెట్ల దగ్గరే ఉన్నారు. ఎల్లుండి దాకా రాలేమన్నారు. గ్యాస్ పొయ్యీ బట్టలూ తెచ్చుకుంటానని అక్క గడప దాకా వెళ్లింది. వద్దని చెయ్యి పట్టుకుని ఆపి, మిషన్‌ను బండికి కట్టుకుని సూర్యాపేట బయలుదేరాను.

అక్కడ నేనెప్పుడూ పోయే మెకానిక్ మిషన్ మొత్తం విప్పి పాత బేరింగులు తీశాడు. కొత్తవి తన దగ్గర లేవు, కోదాడలో దొరుకుతాయన్నాడు. కోదాడ షాపాయన పాతవాటిని కొలిచి అదే కొలతవి రెండు ఇచ్చాడు. ఇస్తూ, "అవి కూర్చునే గూడు బాగుందాండీ? అది అరిగిపోతే ఇవి వేసినా నిలవవు," అన్నాడు. బాగానే ఉంటుందని చెప్పాను. నిజానికి నాకు తెలియదు.

తిరిగి వచ్చాక మెకానిక్ బేరింగులను పక్క కూల్‌డ్రింకుల షాపు ఫ్రిజ్‌లో పెట్టించాడు. బేరింగుల గూళ్లున్న మిషన్ పెట్టెను స్టవ్ మీద వేడి చేశాడు. వేడికి గూడు కాస్త విప్పుకుంటే చల్లటి బేరింగు అందులోకి జారుతుంది. చల్లారాక గూడు దాన్ని కదలకుండా బిగించి పట్టుకోవాలి. చల్లారేదాకా ఇద్దరం చూస్తూ కూర్చున్నాం. తర్వాత అతను బేరింగు బయటి రింగు మీద వేలు పెట్టి తిప్పాడు. అది గూట్లో సులువుగా తిరిగింది. నన్ను కూడా తిప్పి చూడమన్నాడు.

"గూడు అరిగిందన్నా," అన్నాడు. "మిర్యాలగూడల లేత్ మీద గూట్ల కొత్త రింగు కొట్టిస్తే ఆగుతది. కానీ గాడ రైస్ మిల్లుల పనే మస్తుంటది. రెండు మూడు రోజులు పడ్తది."

"ఇయ్యాల నడిచేటట్టు ఏం జేయలేమా?"

"గమ్ము పెట్టి కూసోబెడ్త. ఎంతసేపు ఆగుతదో మాత్రం నేను జెప్పలేను."

అప్పుడే అక్క ఫోన్ చేసింది. మబ్బు పట్టిందనీ, చెట్టు కిర్రుకిర్రుమంటోందనీ చెప్పింది. గమ్మే పెట్టమన్నాను. అది ఆరేదాకా ఆ షాపు ముందు కూర్చుని ఆకాశం చూడడం తప్ప నాకేమీ పని లేకపోయింది.

మిషన్ బిగించి తెచ్చుకుని నేను అక్క ఇల్లు చేరేసరికి పొద్దు వాలింది. ఊళ్లోవాళ్లు దూరంగా నిలబడి ఉన్నారు. మిషన్ ఒక్క లాగుకే అందుకుంది. చాలా ఏళ్లుగా వినని మెత్తటి చప్పుడు చేసింది. సగం తెగిన కొమ్మను కోసి దించాను. ఇంకొకటి కూడా దించాను. మూడో కొమ్మలో ఉండగా చప్పుడు బొంగురుపోయింది, కాలిన ఇనుము వాసన వచ్చింది, చైన్ కొమ్మలోనే బిగుసుకుపోయింది. మిషన్ స్టార్టు తాడు లాగితే కదల్లేదు. మిషన్‌ను బయటికి తీయబోతే అదీ రాలేదు.

గాలి లేచింది. నిచ్చెన కింద నా కాళ్ల దగ్గర అక్క నిలబడి ఉంది.

"దిగు తమ్మీ," అంది. "ఇల్లు పోతే పోనియ్. నువ్వు దిగు."

దిగాను. ఇద్దరం తుమ్మ అవతలికి వచ్చి నిలబడ్డాం. మానుకు కట్టిన తాడు బిగిసి, తెగింది. చెట్టు తొందరేమీ లేనట్టు మెల్లగా వాలింది. రేకులు మడతపడ్డాయి, ముందు గోడ వాకిట్లోకి కూలింది. అంతమందిమి ఉండి చూస్తూనే ఉన్నాం. ఎవరెవరివో చెట్లు కోసిన చేతులు నావి, ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అక్క ఏడవలేదు. పక్కింటికి వెళ్లి చెంబుతో నీళ్లు తెచ్చి నన్ను తాగమంది.

ఎల్లుండి దాకా రాలేమన్న ఇద్దరిలో ఒక కోతమనిషి వచ్చి ఒక్క పూటలో చెట్టును ముక్కలు చేశాడు. కొమ్మలో ఇరుక్కున్న నా మిషన్‌ను తీసి ఇచ్చాడు. దాని పెట్టెను మిర్యాలగూడ తీసుకుపోతే, లేత్ పనాయన అటూ ఇటూ తిప్పి చూసి, రింగు కొట్టేంత మందం మిగల్లేదని వెనక్కి ఇచ్చేశాడు. ఇప్పుడు నేను ఆ కోతమనిషి వెంటే కొమ్మలు లాగే పనికి పోతున్నాను.

అక్క బడి పక్కన కిరాయి గదిలో ఉంటోంది. ఆదివారాలు ఇద్దరం వెళ్లి కూలిన గోడలోంచి పగలని ఇటుకలు ఏరి ఒక పక్కన పేరుస్తున్నాం. కొత్త ఇంటికి తలుపు ఈసారి ఎటు పెట్టాలో ఆమె చెబుతూ ఉంటుంది. నేను సరేనంటూ ఉంటాను.