సత్తీ, నేను, కుష్ఠు దవాఖానలో మొదటి వారం

నిన్న పొద్దున టీ గ్లాసు చేతిలో ఉండగానే ఫోన్ వచ్చింది.

"మేరవ్వా, మా అవ్వ నిద్రల్నే పోయింది."

సత్తి మనవరాలు. ఆ పిల్ల ఇంకా ఏదో చెబుతూనే ఉంది. నాకేమీ వినబడలేదు. మొన్న ఆదివారమే కదా గంటసేపు మాట్లాడింది! షుగర్ టాబ్లెట్లు సరిగ్గా వేసుకోవడం లేదని నన్ను తిట్టింది కూడా.

సత్తెమ్మ. భువనగిరి నేతవాళ్ల బిడ్డ. అరవై ఏళ్లకు పైగా నా ఫ్రెండ్.

ఏడుద్దామని కూర్చుంటే నవ్వొస్తోంది. గుర్తొచ్చేదంతా మా మొదటి ఉద్యోగమే. అదే రాస్తున్నాను. ఒక వేలితో టైప్ చేస్తున్నా, తప్పులుంటే ఏమీ అనుకోకండి.

అరవైల మొదటి రోజులు. నర్సు ట్రైనింగ్ అయిపోయింది. ఇద్దరికీ ఒకేచోట పోస్టింగ్. జడ్చర్లకు అవతల, ఊళ్లకు దూరంగా ఒక కుష్ఠు దవాఖాన. అక్కడ చేరినవాళ్లు ఏళ్లకేళ్లు ఉండిపోయేవారు. చాలామందికి తిరిగి వెళ్లడానికి ఇల్లంటూ ఉండేది కాదు.

హాస్టల్లో అందరూ మా మీద జాలిపడ్డారు.

మాకు మాత్రం కాలు ఒకచోట నిలవలేదు. ఉద్యోగం! మర్రిగూడలో మా వాడకట్టు నుంచి నౌకరీకి పోతున్న మొదటి ఆడపిల్లను నేను.

జడ్చర్ల స్టేషన్లో దిగి ఎడ్లబండి మాట్లాడుకున్నాం. దవాఖాన గేటు కనబడగానే బండాయన ఎడ్లను ఆపేశాడు.

"ఇగ ముందుకు రాదమ్మ నా బండి. దిగుండ్రి."

అర మైలు ఉంటుంది. మండే ఎండ. సత్తి తన రేకు పెట్టె నెత్తిన పెట్టుకుంది. "పా మేరీ, మన డ్యూటీ ఈడికెల్లే షురూ" అంది.

దారంతా నవ్వుకుంటూనే నడిచాం. దేనికని అడగకండి. ఇద్దరికీ ఇరవై నిండలేదు.

మర్నాడు సత్తి కట్టుకున్న తెల్ల చీర వాళ్ల బాపు తన మగ్గం మీద నేసిందే. సన్నటి నీలం అంచు. గంజి ఎంత దట్టంగా పెట్టిందంటే, నడిస్తే పరపరా చప్పుడు. మూడో రోజుకల్లా వార్డులో ఆడవాళ్లు ఆ చప్పుడు వినే "సత్తెమ్మ వస్తాంది" అనేవారు.

ఆ వార్డులోనే ఎల్లవ్వ ఉండేది. పన్నెండేళ్లుగా అక్కడే. కాలికి పెద్ద పుండు. ఎవరినీ కట్టు కట్టనిచ్చేది కాదు. మాకు ముందున్న నర్సు పొడుగాటి పట్టకారుతో దూరం నుంచి దూది అద్దేదట.

"కుక్కకు బువ్వ ఏసినట్టు ఏస్తరు. నాకొద్దు, పొండ్రి!" అని నా మీద అరిచింది.

నేను వెనక్కి వచ్చేశాను. నిజం చెబుతున్నా, ఆ వాసన దగ్గర నిలబడలేకపోయాను.

సత్తి వెళ్లి నేల మీద కూర్చుంది. ఎల్లవ్వ కాలు తీసి ఒళ్లో పెట్టుకుంది. ఆ కొత్త చీర మీదే.



కాసేపటికి ఎల్లవ్వ వంగి, సత్తి కొంగు అందుకుని చెంపకు ఆనించుకుంది. ఆమె వేళ్లకు స్పర్శ పోయి చాలా ఏళ్లయింది. ఏదైనా చెంపతోనే తడిమి చూసేది.

"మగ్గం చీర గద? ఎవరు నేసిండ్రు బిడ్డా?"

"మా బాపు."

"నేను గూడ సాలోళ్ల బిడ్డనే" అంది. అన్నీ చెప్పడం మొదలుపెట్టింది. ఆ రోజు నుంచి కట్టు విప్పమని తనే పిలిచేది.

ఎనిమిదో రోజు సత్తి వాళ్ల బాపు వచ్చాడు. గేటు అవతలే నిలబడ్డాడు. కుష్ఠు దవాఖానలో పనిచేసే పిల్లను ఎవరు చేసుకుంటారని వాళ్ల వాడకట్టులో అన్నారట. బిడ్డను తీసుకుపోవడానికే వచ్చాడు.

నేను పరిగెత్తి సత్తికి చెప్పాను. ఎల్లవ్వకు కట్టు కడుతోంది. తలెత్తలేదు.

"డ్యూటీల ఉన్న. బాపునే లోపటికి రమ్మను."

ఆ మాట ఆయనకు చెప్పేసరికి నా ప్రాణం పోయింది. ఆయన గేటు ముందే అటూ ఇటూ తిరిగాడు. చివరికి రుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని లోపలికొచ్చాడు. బిడ్డ ఒళ్లో ఆ కాలు చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

అయిపోయింది, పెట్టె సర్దుకోవడమే అనుకున్నాను.

ఎల్లవ్వ ఆయన్ను ఎగాదిగా చూసింది. "నువ్వేనా అన్నా గీ చీర నేసింది? అంచు మస్తు కుదిరింది."

ఆయన రుమాలు మెల్లగా దించాడు. "మీది ఏ ఊరు అక్కా?"

అంతే! ఆయన కూడా నేల మీద కూర్చున్నాడు. ఆమె నూలు కండెలు చుట్టిన రోజులు, వాళ్ల నాయిన అద్దకాలు, ఆగకుండా ముచ్చట్లు. పన్నెండేళ్లలో బయటి మనిషి ఆమె పక్కన కూర్చోవడం అదే మొదటిసారి.

వెళ్లేటప్పుడు గేటు దగ్గర సత్తితో అన్నాడు.

"నిన్ను తోల్కపోదామనే వచ్చిన బిడ్డా. ఇగ గా ముచ్చట బంద్. వాడకట్టోళ్లకు నేను చెప్పుకుంట. నీ పని నువ్వు చేస్కో."

సత్తి ఏడ్చిందనుకుంటున్నారా? రూముకు రాగానే నన్ను పట్టుకుని గిరగిరా తిప్పింది! ఇద్దరం మంచం మీద పడి కోడు విరగ్గొట్టాం.

ఎల్లవ్వ పుండు మానడానికి ఏడు నెలలు పట్టింది. ఆ రోజు ఎవరి చెయ్యీ పట్టుకోకుండా గేటుదాకా నడిచింది. వార్డంతా వరండాలోకి వచ్చి చప్పట్లు!

పెళ్లయ్యాక నేను వేరే దవాఖానకు మారాను. సత్తి ఆ దవాఖాన కాంపౌండర్‌నే చేసుకుంది. రిటైర్ అయ్యేదాకా అక్కడే ఉంది.

మొన్న ఆదివారం ఫోన్లో మాకు పెద్ద కొట్లాట. ఎవరు ముందు పోవాలని!

"నేనే ముందు పోత మేరీ. నువ్వు పోతే నేను ఎవర్ని తిట్టాలె?"

"నడువే! నీకంటె మూడు నెలలు పెద్దదాన్ని నేను."

నీ పంతమే నెగ్గించుకున్నావు సత్తీ.

ఏ నొప్పీ లేకుండా, కాళ్లు చాపుకుని హాయిగా ఉండు. నాకు తొందరేం లేదు, టాబ్లెట్లు వేసుకుంటున్నాను.

నీ మేరీ