బాషా సార్ చెప్పిన సాకు

హిందూపురం బజారులో టైర్ల అంగడి ముందు కొత్త రబ్బరు వాసన తగిలితే చాలు, నా స్కూటర్ దానంతటదే ఆగిపోతుంది. మొన్న ఆదివారం కూడా అంతే. బండి పక్కన పెట్టి గట్టిగా ఊపిరి పీలుస్తుంటే అంగడాయన వచ్చి "పంచరా మేడమ్?" అన్నాడు. పంచరు కాదయ్యా, బాషా సార్ గుర్తొచ్చారని చెప్తే ఆయనకేం అర్థమవుతుంది?

బాషా సార్ మా ఊరి మహిళల బాస్కెట్‌బాల్ క్లబ్బుకు సెక్రటరీ. పుట్టింది కర్ణాటక సరిహద్దు పక్కనున్న అగళిలో, టైర్ల వ్యాపారం హిందూపురంలో. తెలుగులో మొదలుపెట్టి కన్నడంలో ముగించేవారు. మధ్యలో భాష ఎక్కడ మారిందో ఆయనకే తెలియదు. ఆయన బంతి పట్టుకోగా నేనెప్పుడూ చూడలేదు. ఎవరిని ఆడించాలి, ఎవరిని తయారు చేయాలి అన్నదే ఆయన ఆట. నేను ఆడడం మానేశాక నన్ను కోచ్‌గా పెట్టింది ఆయనే. నాకు నోరెక్కువ, ఓర్పు తక్కువ అని తెలిసే పెట్టారు.

ఒక ఏడు కమిటీ మీటింగు ఆయన అంగడి వెనక గదిలో, టైర్ల దొంతర్ల మధ్య జరిగింది. మాది ఏటేటా ఫైనల్ దాకా వెళ్లి ధర్మవరం చేతిలో ఓడే జట్టు. కెప్టెన్ సుజాత నా ప్రాణ స్నేహితురాలు. ఆమెతో పాటు సీనియర్లందరికీ మోకాళ్లకు పట్టీలు లేనిదే అడుగు పడదు. పైగా సుజాత భర్తకు బళ్లారి బదిలీ అయింది. అదే ఆమెకు ఆఖరి టోర్నమెంటు. ఒక్కసారైనా కప్పు ఎత్తాలని ఆమెకు ఆశ. ఆమెకంటే నాకు ఎక్కువ.

"బెంగళూరు నుంచి ఇద్దరు ప్లేయర్లను పిలిపిద్దాం సార్. ధర్మవరమోళ్లు పిలిపించలేదా?" అన్నాడు ట్రెజరర్.

"వచ్చినోళ్లు ఆడతారు, పోతారు. ఆమీట ఈడ మనకేముంటాది?" అన్నారు సార్. తర్వాత నా వైపు తిరిగారు. "సీనియర్లు ఒగ ఏడు గెలిపిస్తారమ్మా. వాళ్లు పోయినాక? బెంచీ మీదుండే పిల్లోళ్లను ఎప్పుడు దించుతావు?"

నేను లేచి నిలబడ్డాను. "సుజాత ఇన్నేండ్లు ఆడిండాది సార్. ఒక్క కప్పుకన్నా నోచుకోదా?"

సార్ నవ్వారు. "కోచువి నువ్వు. తీర్మానం నీది" అన్నారు. ఆయన పోట్లాడి ఉంటే నేనూ పోట్లాడేదాన్ని. ఆ మాటతో నా నోరు కట్టేశారు.

టోర్నమెంటు పెనుకొండలో. సెమీఫైనల్లో మడకశిర జట్టు మీద బాగా ముందున్నాం కదా అని, సార్ మాట తీసెయ్యలేక, చివర్లో జూనియర్లను దించాను. వాళ్లలో మెహర్ అని పొట్టి పిల్ల, చిలమత్తూరు నుంచి బస్సులో ప్రాక్టీసుకు వచ్చేది. దిగిన వెంటనే బంతిని తీసుకెళ్లి అవతలివాళ్ల చేతిలో పెట్టింది. మళ్లీ పెట్టింది. మా ఆధిక్యం కళ్లముందే కరిగిపోతోంది. అంతలో కంచె అవతల నుంచి సార్ కేక.

"సాకమ్మా! సాకు, సాకు!"

కన్నడంలో సాకు అంటే చాలు. హిందూపురంలో అది తెలియనివాళ్లుండరు. హమ్మయ్య, ఈయనకూ విసుగు పుట్టింది అనుకుని జూనియర్లను బయటికి లాగి సీనియర్లను దించేశాను. గెలిచాం. ఎగురుకుంటూ సార్ దగ్గరికి వెళితే ఆయన ముఖం మాడిపోయి ఉంది.

"ఏమ్మా, పిల్లోళ్లను అట్ల ఈడ్సుకుంటివి?"

"మీరే కదా సార్ సాకు అంటిరి!"

"ఓయమ్మా! చాలు అని కాదు తల్లీ, తెలుగులో అంటి! పిల్లోళ్లను సాకు, బిడ్డల్ని సాకినట్ల సాకు అంటి! వాళ్లు తప్పులు చేస్తానే ఉంటారు. నువ్వు చూస్తానే ఉండల్ల!"

ఎన్నడూ లేనిది ఆయన అచ్చ తెలుగులో మాట్లాడితే నేను కన్నడంలో విన్నాను! పక్కనున్న సుజాత పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుని, "రేపు ఫైనల్లో వాళ్లనే దించు పద్దూ" అంది.

"మరి నువ్వు?"

"కడాకు వస్తాలే. నా మోకాళ్లకు మాత్రం కన్నడ సాకే."

ఆ మాట అనడానికి ఆమెకు ఎంత కష్టమైందో నాకు తెలుసు. అందుకే మళ్లీ అడగలేదు.

ఫైనల్ మొదట్లో ధర్మవరం మమ్మల్ని ఉతికి ఆరేసింది. పిల్లల్ని వెనక్కి పిలవడానికి నా చేతులు పైకి లేవకుండా వాటి మీదే కూర్చున్నాను. అప్పుడు మెహర్ అవతలి కెప్టెన్ చేతిలోంచి బంతి లాక్కుని ఒక్క పరుగున వెళ్లి బుట్టలో వేసింది! గ్రౌండంతా ఈలలు. మళ్లీ లాక్కుంది. పిల్లలకు పూనకం వచ్చింది. ఒక దశలో మేమే ముందుకెళ్లాం. బాషా సార్ కంచె ఎక్కేశారు, దిగమని పోలీసాయన బతిమాలుతున్నా వినలేదు. మళ్లీ వెనకబడ్డాక, చివరి క్షణాల్లో సుజాత దిగింది. బంతి ఆమె చేతికే వచ్చింది. తానే వేయొచ్చు. అయినా ఎదురుగా ఎవరూ అడ్డులేని మెహర్‌కు అందించింది. బంతి రింగు చుట్టూ తిరిగి తిరిగి బయట పడింది. ఒక్క బుట్ట తేడాతో ఓడిపోయాం.

సుజాత కప్పు ఎత్తకుండానే బళ్లారి వెళ్లింది. తర్వాత ఆ పిల్లలే ధర్మవరాన్ని ఓడించి కప్పు తెచ్చారు. సార్ దాన్ని టైర్ల లారీలో ముందు సీట్లో పెట్టుకుని, నన్నూ ఎక్కించుకుని బళ్లారి తీసుకెళ్లారు. సుజాత తడి చేతులు కొంగుకు తుడుచుకుని, వాకిట్లోనే దాన్ని తలపైకెత్తింది. సార్ ఒక్కరే చప్పట్లు కొట్టారు. ఇన్నేళ్లయినా ఆ ఫైనల్ గురించి నా మనసు పూర్తిగా కుదుటపడలేదు. అయినా ఇంకోలా చేసి ఉండాల్సిందని మాత్రం అనిపించదు.

సార్ ఇప్పుడు లేరు. ఆయన కుర్చీలో నేనున్నాను, మెహర్ కోచ్. ఈ మధ్య ఒక లీగ్ మ్యాచ్‌లో కొత్త పిల్ల తడబడింది. మెహర్ చటుక్కున ఆమెను బయటికి పిలిచేసింది. తప్పు చేస్తున్నావే అన్న అరుపు నా గొంతు దాకా వచ్చింది. కంచె గట్టిగా పట్టుకుని మింగేశాను. ఓడిపోయాం. సామాన్లు సర్దేసిన మెహర్, బస్సెక్కబోతూ నా దగ్గరికి వచ్చింది.

"రేపు ఆ పాపనే ముందు దించుతానక్కా" అంది.